మఠాల్లో భద్రపడిన కళాసంపద: వస్తువులు నిలిచాయి, వివరాలు చెరిగిపోతున్నాయి

కథోలిక మిషనరీ సిస్టర్ల మఠం అనగానే పాఠశాల, ఆసుపత్రి, అనాథాశ్రమం గుర్తుకు వస్తాయి. ఆ సేవాసంస్థల వెనుక, ప్రార్థనాలయాల్లోను, పూజాసామగ్రి గదుల్లోను, పాత చెక్క బీరువాల్లోను మరొక సంపద కూడా ఉంది. చేతికుట్టుతో అలంకరించిన పూజా వస్త్రాలు, వెండి పాత్రలు, కొయ్యతో చెక్కిన సిలువలు, తైలవర్ణ చిత్రాలు, చేతిరాత దినచర్య గ్రంథాలు, పాత ఛాయాచిత్రాలు అందులో భాగం. వీటిలో అధికభాగం ఏ మ్యూజియం జాబితాలోనూ చేరలేదు. వీటిని చేసినవారి పేర్లు కూడా చాలా సందర్భాల్లో ఎక్కడా నమోదు కాలేదు. వస్తువు చెదలకో, తేమకో గురి కావడానికి చాలా ముందే దాని కథ తెలిసిన మనిషి వెళ్ళిపోవడం ఈ వారసత్వానికి ఎదురవుతున్న అసలు ప్రమాదం.

ఉక్కు నగరం, మఠాల నేపథ్యం

తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన జంషెడ్‌పూర్ ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి అనువైన నగరం. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం సమీపంలోని సాక్చీ గ్రామం వద్ద ఉక్కు కర్మాగారం వెలసింది. టాటా ఉక్కు సంస్థ 1907లో ఏర్పడింది. 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైంది. జంషెడ్‌జీ టాటా స్మృత్యర్థం 1919లో అప్పటి వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. దేశం నలుమూలల నుంచి ఉద్యోగులు, కార్మికులు తరలివచ్చిన ఈ నగరంలో పాఠశాలల అవసరం వేగంగా పెరిగింది. అపోస్తలిక్ కార్మెల్ సభకు చెందిన సిస్టర్లు 1945లో ఇక్కడ సేక్రెడ్ హార్ట్ కాన్వెంట్ పాఠశాలను ప్రారంభించారు. జెస్యూట్ గురువుల ఆధ్వర్యంలో లయోలా పాఠశాల 1947లోను, ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ 1949లోను ఏర్పడ్డాయి. జంషెడ్‌పూర్ కథోలిక మేత్రాసనం 1962లో ఏర్పాటయింది.

అపోస్తలిక్ కార్మెల్ సభ పుట్టుక ఈ నగరానికి చాలా దూరంలో జరిగింది. కాన్‌స్టాంటినోపుల్‌లో 1823లో జన్మించిన సోఫీ లీవ్స్, మదర్ వెరోనికా అనే పేరుతో 1868లో ఫ్రాన్సులోని బయోన్‌లో ఈ సభకు పునాది వేశారు. ఆమె వద్ద శిక్షణ పొందిన ముగ్గురు సిస్టర్లు 1870లో మంగళూరు చేరుకున్నారు. అక్కడి నుంచి సభ దేశమంతటా విస్తరించి జంషెడ్‌పూర్ దాకా వచ్చింది. ఒక మిషనరీ సభ చేసిన ఇటువంటి ప్రయాణం దాని మఠాల్లోని సామగ్రి మీద కూడా ముద్ర వేస్తుంది. ఐరోపాలో అచ్చయిన ప్రార్థన పుస్తకం, కొంకణ తీరపు వడ్రంగి చేసిన పీఠం, స్థానిక దర్జీ కుట్టిన వస్త్రం ఒకే బీరువాలో కనిపించడం ఇలాంటి సభల మఠాల్లో అరుదు కాదు.

జంషెడ్‌పూర్ చుట్టూ ఉన్న ఛోటానాగ్‌పూర్ ప్రాంతానికి ఇంతకంటె పాత మిషనరీ చరిత్ర ఉంది. బెల్జియం దేశపు జెస్యూట్ గురువు కాన్‌స్టాంట్ లీవెన్స్ 1885లో ఈ ప్రాంతానికి వచ్చారు. లొరెటో సిస్టర్లు 1890లో రాంచీకి చేరుకున్నారు. వారి వద్ద చదువుకున్న ఆదివాసీ బాలికల్లో బెర్నాదెత్ కిస్పొట్టా ఒకరు. ఒరావ్ తెగకు చెందిన ఆమె, వివాహం వద్దని నిశ్చయించుకొని, మరి ముగ్గురు సహచరులతో కలిసి 1897లో రాంచీలో సెయింట్ ఆన్ కుమార్తెల సభను స్థాపించారు. ఛోటానాగ్‌పూర్ ఆదివాసీ మహిళలే నెలకొల్పిన కథోలిక సన్యాసినీ సభ ఇది. 1903లో బెల్జియంలోని టిల్డాంక్ నుంచి ఉర్సులైన్ సిస్టర్లు రాంచీ వచ్చారు. ఆ విధంగా విదేశీ మహిళలు తెచ్చిన వస్తువులు, ఆదివాసీ మహిళలు కూర్చుకున్న వస్తువులు ఒకే నేల మీద పక్కపక్కన చేరాయి.

మఠం బీరువాలో ఏముంటాయి?

మిషనరీ సిస్టర్ల మఠాల్లోని వస్తువులను స్థూలంగా నాలుగు వర్గాలుగా చెప్పవచ్చు. మొదటిది పూజాసామగ్రి. పానపాత్ర, ధూపపాత్ర, దివ్యసత్ప్రసాదాన్ని ఉంచే పేటిక, దీపస్తంభాలు, గురువులు ధరించే పట్టు వస్త్రాలు, పీఠం మీద పరిచే లేసు అంచు గుడ్డలు ఇందులోకి వస్తాయి. రెండవది చిత్రాలు, స్వరూపాలు. ఐరోపా కార్ఖానాల్లో పోతపోసిన ప్లాస్టర్ విగ్రహాలు మొదలు స్థానిక శిల్పులు చెక్కిన కొయ్య విగ్రహాల వరకు వీటిలో ఎంతో వైవిధ్యం ఉంది. మూడవది కాగితం. మఠంలో జరిగిన ప్రతి ముఖ్య సంఘటననూ తేదీల వారీగా రాసే దినచర్య గ్రంథం, సభ్యుల రిజిస్టర్లు, లెక్కల పుస్తకాలు, ఉత్తరాలు, ఛాయాచిత్రాలు ఈ కోవకు చెందుతాయి. నాలుగవది నిత్యజీవిత సామగ్రి. కుట్టుమిషను, హార్మోనియం, పియానో, గంట, మందుల పెట్టె, సంస్థాపకురాలు వాడిన కుర్చీ వంటివి ఈ జాబితాలో ఉంటాయి.

ఈ నాలుగింటిలో బయటి ప్రపంచం విలువ కట్టేది సాధారణంగా మొదటి రెండింటికే. చరిత్రకారులకు మాత్రం మూడవ వర్గమే ప్రాణాధారం. ఒక ఊరిలో కలరా సోకిన సంవత్సరం, కరువులో పాఠశాలకు వచ్చిన పిల్లల సంఖ్య, వరదలో కూలిన గోడ, బియ్యం ధర వంటి వివరాలు ప్రభుత్వ పత్రాల్లో లేని సందర్భాల్లో కూడా మఠం దినచర్యలో దొరుకుతాయి.

పేదరిక వ్రతం, పేరులేని పనితనం

సిస్టర్లు స్వీకరించే మూడు వ్రతాల్లో పేదరికం ఒకటి. దీని ప్రకారం వారికి సొంత ఆస్తి ఉండదు. తాను కుట్టిన వస్త్రం, గీసిన చిత్రం, రాసిన పుస్తకం సమాజానిదే అవుతుంది. ఈ నియమం వస్తువులకు మేలు చేసింది, కీడూ చేసింది. వ్యక్తి మరణించినా వారసుల మధ్య పంపకాలు ఉండవు కనుక వస్తువు మఠంలోనే నిలిచింది. అయితే పనితనానికి సొంతదారు లేనందువల్ల కింద సంతకం పెట్టే అలవాటు కూడా ఏర్పడలేదు. నెలల తరబడి శ్రమించి జరీతో నెమలినో, గోధుమ కంకినో కుట్టిన సిస్టర్ ఎవరన్నది ఆ మఠంలోని పెద్దల జ్ఞాపకంలో మాత్రమే మిగిలింది. ఆ పెద్దలు బదిలీపై వెళ్ళినా, కన్నుమూసినా వస్త్రం అజ్ఞాత రచనగా మారిపోతుంది.

సిస్టర్ల జీవితంలో బదిలీ సాధారణం. కొన్నేళ్ళకొకసారి మఠం మారుతుంది, మఠాధిపతి మారుతారు. కొత్తగా వచ్చినవారికి బీరువా తాళంచెవి అందుతుంది. బీరువాలోని వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కాగితం అందకపోవచ్చు. ఇలా రెండు మూడు తరాలు గడిస్తే పురాతన వస్తువుకు, పాత సామానుకు తేడా చెప్పగలవారు ఉండరు. మరమ్మతుల సమయంలోను, భవనం మార్చే సమయంలోను విలువైనవి చెత్తతో కలిసి పోయేది ఇటువంటి పరిస్థితుల్లోనే.

ప్రపంచవ్యాప్తంగా సిస్టర్ల సంఖ్య తగ్గడం ఈ సమస్యను మరింత తీవ్రం చేస్తోంది. 1970 ప్రాంతంలో దాదాపు 10 లక్షలుగా ఉన్న వారి సంఖ్య 2023 నాటికి 6 లక్షలలోపుకు చేరింది. ఆసియా, ఆఫ్రికా ఖండాల్లో పరిస్థితి కొంత మెరుగ్గా ఉన్నప్పటికీ, ఐరోపాలో మఠాలు మూతపడుతున్నాయి. మన దేశానికి మిషనరీలను పంపిన మాతృమఠాల పత్రాలు అక్కడ పరిశోధన సంస్థలకు చేరుతున్నాయి. బెల్జియంలోని లూవెన్ నగరంలో 1976లో ఏర్పడిన కాడోక్ కేంద్రం అనేక సన్యాస సభల పత్రాలను భద్రపరుస్తోంది. ఛోటానాగ్‌పూర్‌కు మిషనరీలను పంపిన దేశం బెల్జియమే కనుక, ఈ ప్రాంత చరిత్రలో కొంత భాగం అక్కడి అరల్లో ఉండటం సహజం. మిగిలిన భాగం ఇక్కడి మఠాల్లోనే ఉండాలి. రెండూ ఎదురెదురుగా పెట్టి చదివితేనే కథ పూర్తవుతుంది.

కోల్‌కతా: వద్దన్నా మిగిలినవి

ఏమీ కూడబెట్టరాదన్న నియమానికి, అన్నీ దాచవలసిన బాధ్యతకు మధ్య సంఘర్షణ జంషెడ్‌పూర్‌కు పొరుగున ఉన్న కోల్‌కతాలో స్పష్టంగా కనిపిస్తుంది. మదర్ తెరెసా 1950 అక్టోబరు 7న స్థాపించిన మిషనరీస్ ఆఫ్ ఛారిటీ సభ కేంద్రం, ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డులోని మదర్ హౌస్. 1953 నుంచి 1997లో కన్నుమూసే వరకు ఆమె అక్కడే నివసించారు. ఆమె సమాధి కూడా అక్కడే ఉంది. పక్కనే ఉన్న చిన్న ప్రదర్శనశాలలో అరిగిపోయిన చెప్పులు, సొట్టలు పడిన ఎనామిల్ గిన్నె వంటివి ఉంచారు. మేడమీది చిన్న గదిని, అందులోని మంచాన్ని ఆమె వాడిన రీతిలోనే నిలిపారు. కళాఖండాలుగా వీటికి విలువ లేదు. అయినా ఒక జీవన విధానానికి ఇంతకంటె నమ్మకమైన సాక్ష్యం దొరకదు.

ఇదే సభ చరిత్రలో నిలుపుకోకుండా వదిలేసిన వస్తువు కూడా ఒకటి ప్రసిద్ధి పొందింది. 1964లో బొంబాయిలో జరిగిన అంతర్జాతీయ దివ్యసత్ప్రసాద మహాసభకు వచ్చిన ఆరవ పౌలు పోపు, తాను వాడిన లింకన్ కారును మదర్ తెరెసాకు బహూకరించారు. ఆమె ఆ కారును లాటరీలో పెట్టి, వచ్చిన ధనాన్ని ఆసన్‌సోల్ సమీపంలోని శాంతినగర్ కుష్ఠురోగుల కాలనీకి వినియోగించారు. మ్యూజియంలో నిలబడవలసిన కారు ఆ విధంగా రోగులకు నీడగా మారింది. సభ ఆదర్శానికి అదే సరైన మార్గమన్నది ఆమె నిర్ణయం.

ఉత్తరాల విషయంలో మాత్రం ఆమె మాట చెల్లలేదు. తన ఆధ్యాత్మిక వేదనను వివరిస్తూ గురువులకు రాసిన ఉత్తరాలను నాశనం చేయాలని ఆమె పలుమార్లు కోరారు. అవి నిలిచాయి. పునీతపట్టం ప్రక్రియలో పరిశీలనకు వచ్చి, 2007లో పుస్తకరూపంలో వెలువడ్డాయి. దశాబ్దాల పాటు ఆమె అనుభవించిన అంతరంగిక శూన్యత వాటి ద్వారానే లోకానికి తెలిసింది. రాసిన వ్యక్తి కోరికను గౌరవించాలా, రాబోయే తరాల అవసరాన్ని గుర్తించాలా అన్న ప్రశ్న ప్రతి మఠం పత్రాలయానికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. వ్యక్తిగత పత్రాలను కొంత కాలం మూసి ఉంచి, గడువు తీరిన తరువాత పరిశోధకులకు తెరిచే పద్ధతిని అనేక పత్రాలయాలు ఈ కారణంగానే అనుసరిస్తున్నాయి.

గోవా: మఠం ఖాళీ అయిన తరువాత

సమాజం అంతరించిపోతే దాని సంపద ఏమవుతుందన్న ప్రశ్నకు పాత గోవాలోని సాంతా మోనికా మఠం సమాధానం చెబుతుంది. ఇది మిషనరీ సేవాసభకు కాక, అగస్టీనియన్ సంప్రదాయానికి చెందిన ఏకాంతవాస సన్యాసినులకు నిలయం. ఆర్చిబిషప్ అలెయిషో ద మెనెజెస్ హయాంలో 1606లో నిర్మాణం మొదలై 1627లో పూర్తయింది. తూర్పు దేశాల్లో స్థాపించిన తొలి కన్యాస్త్రీల మఠంగా దీనికి పేరుంది. 1834లో పోర్చుగల్ ప్రభుత్వం సన్యాస సభలను రద్దు చేసింది. కొత్తవారిని చేర్చుకునే వీలు లేకపోవడంతో మఠం క్రమంగా ఖాళీ అయింది. చివరి సన్యాసిని 1885లో మరణించారు.

భవనం, గోడల మీది చిత్రాలు మిగిలాయి. గోవాలో చెల్లాచెదురుగా ఉన్న క్రైస్తవ కళాఖండాలను ఒకచోట చేర్చాలన్న ఆలోచనతో, ఇన్‌టాక్, పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ ఫౌండేషన్ సహకారంతో 1994లో రాచోల్ సెమినరీలో మ్యూజియం ఆఫ్ క్రిస్టియన్ ఆర్ట్ ప్రారంభమైంది. అది 2002లో సాంతా మోనికా ప్రాంగణానికి మారింది. విస్తృత పునరుద్ధరణ తరువాత 2022లో తిరిగి ప్రజలకు తెరుచుకుంది. స్థానిక శిల్పులు దంతంతోను, కొయ్యతోను, వెండితోను చేసిన పని అక్కడ కనిపిస్తుంది. విషయం క్రైస్తవమే అయినా, తీగలు, పూలు, ముఖకవళికల్లో భారతీయ శిల్పి చేయి స్పష్టంగా తెలుస్తుంది. సమాజం అంతరించిన వందేళ్ళ తరువాత ఆ మఠానికి కొత్త ప్రయోజనం దొరికింది. అన్ని మఠాలకూ అంతటి అదృష్టం ఉండదు.

చేతిపనిగా నిలిచిన వారసత్వం

కొన్ని కళలు వస్తువుగా కన్నా పనిగానే ఎక్కువ కాలం నిలుస్తాయి. పుదుచ్చేరిలో క్లూనీ సెయింట్ జోసెఫ్ సభ సిస్టర్లు 1827 నుంచి ఉన్నారు. ఫ్రెంచి కాలపు పాత భవనంలో వారు నడిపే కుట్టుపని కేంద్రంలో స్థానిక మహిళలు నేటికీ చేతితో ఎంబ్రాయిడరీ చేస్తున్నారు. తమిళనాడు దక్షిణ కొసన ఉన్న ములగుమూడుకు 1897లో బెల్జియం నుంచి మదర్ మరీ లూయీ ద మేస్టర్ వచ్చారు. ఆమె స్థాపించిన సభ అనాథ బాలికలకు, పేద మహిళలకు లేసు అల్లికను జీవనోపాధిగా నేర్పింది.

తెలుగు పాఠకులకు ఇది పరిచితమైన కథే. నరసాపురం లేసు కూడా 19వ శతాబ్దపు మిషనరీల ద్వారానే గోదావరి తీరానికి చేరింది. అయితే అది ప్రొటెస్టెంట్ మిషనరీల కృషి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన అధ్యయనం, నరసాపురం లేసు అల్లే మహిళల శ్రమ ఎలా లెక్కలోకి రాకుండా పోయిందో వివరించింది. ఇంట్లో కూర్చొని చేసే పని కనుక దానిని తీరిక వేళ కాలక్షేపంగా చూశారని, లాభం మాత్రం వ్యాపారులకు చేరిందని ఆ అధ్యయనం సారాంశం. మఠాల్లోని లేసు పీఠవస్త్రాలను చూసేటప్పుడు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి. నమూనా సిస్టర్లది కావచ్చు, దారం విదేశానిది కావచ్చు. వేళ్ళు మాత్రం ఎందరో స్థానిక బాలికలవి. వస్త్రం గురించిన వివరంలో వారికి కూడా చోటు దక్కాలి.

జార్ఖండ్ నేల మీద ఈ తరహా సంరక్షణకు మిషనరీల కంటె ప్రాచీనమైన ఉదాహరణ ఉంది. హజారీబాగ్ ప్రాంతపు ఆదివాసీ మహిళలు పంటల పండుగకు సొహ్రాయ్ చిత్రాలను, పెళ్ళిళ్ళకు ఖోవర్ చిత్రాలను మట్టిగోడల మీద వేస్తారు. వాన వాటిని కడిగేస్తుంది. మరుసటి ఏడాది తల్లి, కూతురు కలిసి మళ్ళీ వేస్తారు. చిత్రం చెరిగిపోయినా చేయి మరచిపోదు. ఈ కళకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనే అమాడుబీ గ్రామపు చిత్రకారులు పైట్‌కార్ పటచిత్రాలను గీస్తారు. కథను పాడుతూ చిత్రపటాన్ని విప్పి చూపడం వారి సంప్రదాయం. తెలుగునాట చేర్యాల నకాషీ పటాలకు ఇది దగ్గరి బంధువు.

భారతీయ చిత్రసంప్రదాయంలో క్రైస్తవ కథలను చెప్పే ప్రయత్నం సిస్టర్లలోనూ సాగింది. ఎస్.ఎం.ఎం.ఐ. సభకు చెందిన చిత్రకారిణి సిస్టర్ మేరీ క్లేర్ బెంగళూరులో దీర్ఘకాలం చిత్రాలు వేశారు. ఆమె చిత్రాల్లో మరియమ్మ చీర కట్టుకుంటుంది. సువార్త ఘట్టాలు భారతీయ గ్రామాల నేపథ్యంలో జరుగుతాయి. రెండవ వాటికన్ మహాసభ 1963లో వెలువరించిన ఆరాధనా సంస్కరణ పత్రం, అన్ని జాతుల, ప్రాంతాల కళలకు ఆలయాల్లో చోటు ఉండాలని పేర్కొన్న తరువాత ఇటువంటి కృషికి మరింత ఊతం లభించింది.

కానుకా, సేకరణా?

మిషనరీల వద్ద ఉన్న అన్ని వస్తువులూ పూజకు సంబంధించినవి కావు. వారు పనిచేసిన ప్రజల ఆభరణాలు, వాద్యాలు, పనిముట్లు, నేతవస్త్రాలు కూడా మఠాలకు చేరాయి. పదకొండవ పయస్ పోపు 1925లో వాటికన్‌లో నిర్వహించిన మిషనరీ ప్రదర్శనకు ప్రపంచం నలుమూలల నుంచి లక్షకు పైగా వస్తువులు వెళ్ళాయి. వాటిలో సుమారు 40 వేలతో 1926లో ఒక మ్యూజియం ఏర్పడింది. వాటికన్ మ్యూజియంలలో అది ఇప్పుడు అనిమా ముండి విభాగంగా కొనసాగుతోంది.

శతాబ్దం గడిచాక ఆ వస్తువుల గురించి కొత్త ప్రశ్న తలెత్తింది. అవి ప్రజలు మనస్ఫూర్తిగా ఇచ్చిన కానుకలా, వలసపాలన నీడలో తీసుకువెళ్ళినవా అని మూలవాసులు అడిగారు. కెనడా మూలవాసుల విజ్ఞప్తుల నేపథ్యంలో 2025 నవంబరులో వాటికన్ 62 వస్తువులను అక్కడి బిషప్పులకు అప్పగించింది. ఛోటానాగ్‌పూర్ వంటి ఆదివాసీ ప్రాంతాల్లోని సంస్థలకు కూడా ఇందులో పాఠం ఉంది. ఒక హంసలీ కంఠాభరణమో, ఒక మాందర్ మద్దెలో మఠానికి ఎలా వచ్చిందన్న ఒక్క వాక్యం రాసి ఉంటే వివాదానికి తావుండదు. వాక్యం లేని చోట ప్రేమతో ఇచ్చిన కానుకనూ, అన్యాయంగా తెచ్చినదాన్నీ వేరుచేసి చూడటం అసాధ్యం.

తెలుగు నేల మీద

తెలుగు ప్రాంతాల్లో కూడా సిస్టర్ల చరిత్ర సుదీర్ఘమైనది. అన్నెసీకి చెందిన సెయింట్ జోసెఫ్ సభ సిస్టర్లు 1849లో యానాం చేరుకొని, అనంతరం విశాఖపట్నంలో సేవ కొనసాగించారు. ఇటలీలోని టురిన్ నుంచి సెయింట్ ఆన్స్ సభ సిస్టర్లు 1871లో సికింద్రాబాద్ వచ్చారు. 1822లో నెదర్లాండ్స్‌లో పుట్టిన జేఎంజే సభ 1904లో గుంటూరులో అడుగుపెట్టింది. ఈ సభలు నెలకొల్పిన పాఠశాలల్లో, ఆసుపత్రుల్లో కొన్ని తరాల తెలుగు మహిళలు చదువుకున్నారు, పనిచేశారు. ఆంధ్రదేశంలో స్త్రీ విద్య, ప్రసూతి వైద్యం, నర్సింగ్ శిక్షణ గురించి రాయదలచినవారికి ఈ మఠాల రిజిస్టర్లు ప్రాథమిక ఆధారాలు. పాత విద్యార్థినుల ఇళ్ళలోని తరగతి ఫోటోలు, మార్కుల పత్రాలు కూడా ఆ వారసత్వంలో భాగమే.

చట్టం ఏమి చెబుతోంది?

పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972లో ఆమోదం పొంది 1976 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం కనీసం 100 ఏళ్ళు గడిచిన శిల్పం, చిత్రం, కళాత్మక వస్తువు వంటివి పురావస్తువు పరిధిలోకి వస్తాయి. శాస్త్రీయ, చారిత్రక, సాహిత్య లేదా సౌందర్య విలువ గల రాతప్రతులకు, పత్రాలకు ఈ గడువు 75 ఏళ్ళు. కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన వర్గాలకు చెందిన పురావస్తువులను కలిగి ఉన్నవారు రిజిస్ట్రేషన్ అధికారి వద్ద నమోదు చేయించాలి. ప్రైవేటు వ్యక్తులు, సంస్థలు పురావస్తువులను విదేశాలకు పంపడం నిషిద్ధం. లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయడం కూడా నేరమే.

ఈ లెక్కను జంషెడ్‌పూర్‌కు అన్వయిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. 1945లో ప్రారంభమైన మఠం తొలి ఏళ్ళ పత్రాలకు 75 ఏళ్ళ గడువు ఇప్పటికే దాటింది. ఆ ఏడాది కొత్తగా చేయించిన పూజావస్తువులు 2045లో నూరేళ్ళు పూర్తిచేసుకుంటాయి. అంతకుముందే పాతవిగా వచ్చిన వస్తువులు ఆ గీతను ఎప్పుడో దాటి ఉంటాయి. వస్తువు వయసు రుజువు చేయవలసి వచ్చినప్పుడు ఆధారం మఠం సొంత రికార్డే. చర్చి వైపు నుంచి కూడా ఆదేశాలు ఉన్నాయి. చర్చి సాంస్కృతిక సంపదకు సంబంధించిన వాటికన్ సంఘం 1997లో పత్రాలయాల గురించి, 2001లో మ్యూజియంల గురించి లేఖలు వెలువరించింది. పత్రాలు, కళాఖండాలు చర్చి జ్ఞాపకశక్తిలో భాగమని, వాటిని క్రమపద్ధతిలో భద్రపరచి అధ్యయనానికి అందుబాటులో ఉంచాలని వాటి సారాంశం.

సంరక్షణ: ఖర్చు తక్కువ, శ్రద్ధ ఎక్కువ

వర్షాకాలపు తేమ, వేసవి ఎండ, చెదలు, పారిశ్రామిక ధూళి తూర్పు భారత నగరాల్లో వస్తువులకు ప్రధాన శత్రువులు. వీటిని ఎదుర్కోవడానికి నిపుణులు సూచించే జాగ్రత్తల్లో అనేకం సామాన్యమైనవే. పట్టు వస్త్రాలను ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంచితే మడత దగ్గర దారాలు తెగుతాయి. వాటిని ఉతికిన మెత్తని నూలుగుడ్డతో కలిపి గొట్టానికి చుట్టడం, వీలు కాకపోతే మడతలు మార్చడం మేలు. నాఫ్తలీన్ గోళీలు వస్త్రానికి నేరుగా తగలరాదు. వెండిపూత పాత్రలను పొడితో గట్టిగా తోమితే మెరుపుతో పాటు పూత కూడా పోతుంది. తైలవర్ణ చిత్రాన్ని తడిగుడ్డతో తుడవడం, నూనె రాయడం హానికరం. చిరిగిన కాగితానికి సెల్లోటేపు అంటిస్తే కొంతకాలానికి ఆ జిగురే మరకగా మారుతుంది. లామినేషన్ చేసిన పత్రాన్ని తిరిగి విడదీయడం దాదాపు అసాధ్యం. బీరువాను గోడకు ఆనించకుండా, నేలకు కొంత ఎత్తులో ఉంచితే చెదలు పట్టినా త్వరగా కంట పడతాయి.

దెబ్బతిన్న వస్తువులకు సొంత వైద్యం పనికిరాదు. లక్నోలోని జాతీయ సాంస్కృతిక సంపద సంరక్షణ ప్రయోగశాల, 1984లో ఏర్పడిన ఇన్‌టాక్ వంటి సంస్థల్లో శిక్షణ పొందిన నిపుణులున్నారు. చేతిరాత ప్రతుల కోసం కేంద్ర ప్రభుత్వం 2003లో జాతీయ రాతప్రతుల మిషన్‌ను ప్రారంభించింది.

వీటన్నింటికీ ముందు జరగవలసిన పని జాబితా తయారీ. ఒక సాధారణ రిజిస్టరు చాలు. వస్తువుకు వరుస సంఖ్య, పేరు, దేనితో చేసినది, కొలతలు, ఎక్కడ ఉంది, ఏ స్థితిలో ఉంది, ఎవరు చేశారు, ఎవరు ఇచ్చారు, ఎప్పుడు వచ్చింది అన్న గడులుండాలి. చివరి గడి అన్నింటికంటె ముఖ్యమైనది. ఈ వివరం ఎవరు చెప్పారన్నది అందులో రాయాలి. ప్రతి వస్తువుకూ రెండు కోణాల్లో ఫోటో తీసి, ప్రతిని మరొక మఠంలో ఉంచితే దొంగతనం జరిగినా, అగ్నిప్రమాదం జరిగినా గుర్తు మిగులుతుంది. పాత ఛాయాచిత్రాల వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు రాయవచ్చు.

ఎనభై, తొంభై ఏళ్ళ వయసున్న సిస్టర్ల గొంతులను రికార్డు చేయడం ఇంకా అత్యవసరం. చేతిలో ఫోను ఉంటే సరిపోతుంది. ఒక పీఠవస్త్రాన్ని ఎదురుగా పరిచి, దీనిని ఎవరు కుట్టారమ్మా అని అడిగితే, పేరుతో పాటు ఊరు, పండుగ, ఆ ఏటి కరువు, కుట్టు నేర్పినవారి స్వభావం అన్నీ బయటికి వస్తాయి. సంథాలీ, హో, ముండారీ, కుఁడుఖ్, తెలుగు, మలయాళం, కొంకణి ఇలా ఎవరి మాతృభాషలో వారిని మాట్లాడనివ్వడం మంచిది. అనువాదం తరువాత చేసుకోవచ్చు.

జంషెడ్‌పూర్‌లో కర్మాగారం తన శతాబ్ది చరిత్రను పత్రాలయంలో భద్రపరచుకుంది. టాటా స్టీల్ సోనారీలో నెలకొల్పిన గిరిజన సాంస్కృతిక కేంద్రం ఆదివాసీ జీవన సామగ్రిని ప్రజల ముందు ఉంచింది. అదే నగరంలో ఎన్నో కుటుంబాల పిల్లలకు అక్షరాలు నేర్పిన మహిళల చరిత్ర కూడా అంతే శ్రద్ధకు అర్హమైనది. వెండిపాత్రకు మెరుగు ఏ సంవత్సరమైనా పెట్టించవచ్చు. ఆ పాత్రను తెచ్చినవారిని ఎరిగిన ఆఖరి సిస్టర్‌ను అడగవలసినది మాత్రం ఈ సంవత్సరమే.